చెట్టు మందా, కీమోనా? క్యాన్సర్‌కు మూలికల వైపు చూసేవాళ్ళ కోసం ఒక పోలిక

మా పెద్దమ్మకు మొదటిసారి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించిన రోజు. ముందు స్టెరాయిడ్ ఇచ్చారు, తర్వాత అలర్జీ రాకుండా ఇంకో ఇంజెక్షన్. అరగంట ఆగాక నర్సు సీసా తగిలించింది. మామూలు సెలైన్ ట్యూబు వాడలేదు, మధ్యలో చిన్న బిళ్ళలాంటి ఫిల్టరు ఉన్న వేరే ట్యూబు పెట్టింది. మొదటి పావుగంట మంచం పక్కనే నిలబడి, పెద్దమ్మ ముఖం ఎర్రబడుతోందా, ఆయాసం వస్తోందా అని చూస్తూనే ఉంది. ఏమీ కాలేదు. చుక్కలు నిదానంగా పడుతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని అంది: "ఈ కెమికల్సన్నీ ఒంట్లోకి ఎందుకురా? ఏదన్నా చెట్టు మందు చూడకపోయారా?"

ఆ సీసాలో ఉన్నది చెట్టు మందే. యూ అనే చెట్టు బెరడులో మొదట దొరికిన పదార్థం. ఆ మాట చెప్తే పెద్దమ్మ నమ్మలేదు. "చెట్టు మందైతే జుట్టెందుకు ఊడుతుంది?" అంది.

అడగాల్సిన ప్రశ్నే. చెట్టు మందంటే మెత్తగా పనిచేసేది, ఒంటికి పడేది, హాని చెయ్యనిది అని మనందరి మనసులో ఒక లెక్క ఉంటుంది. క్యాన్సర్ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. అందుకే ఎవరైనా "కీమో వద్దు, మూలికలు వాడదాం" అన్నప్పుడు అవునో కాదో చెప్పే ముందు, ఏ మూలిక, ఏ రూపంలో, దేనికి బదులుగా అని విడదీసి చూడాలి.

ఇందులో నాలుగు దారులున్నాయి

మొదటిది, మొక్కలోంచి ఒకే ఒక పదార్థాన్ని విడదీసి, శుద్ధి చేసి, మనుషుల మీద పరీక్షించి మందుగా తెచ్చినవి. రెండోది, పసుపు సారం, అశ్వగంధ సారం అంటూ క్యాప్సూళ్ళలో వచ్చే సప్లిమెంట్లు. మూడోది, వైద్యం మొత్తానికి బదులుగా ఇచ్చే కషాయాలు, చూర్ణాలు. నాలుగోది, కీమో తెచ్చే వికారం, నీరసం లాంటివి తగ్గించుకోవడానికి వాడే మూలికలు.

జనం వీటన్నిటినీ ఒకే మూట కట్టి "హెర్బల్" అనేస్తారు. అమ్మేవాళ్ళు ఆ మూటను ఇంకా గట్టిగా బిగిస్తారు, మొదటి దారికున్న మంచి పేరును రెండో మూడో దారులకు అరువు తెచ్చుకోవడానికి. "కీమో మందులు కూడా మొక్కల నుంచే వచ్చాయి కదండీ" అనే వాదన అక్కడ పుట్టిందే.

నేను నాలుగింటినీ ఒకే గీటురాయి మీద గీసి చూస్తాను. ఒక డోసులో ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చెప్పగలరా? అది తిన్నాక రక్తంలోకి చేరుతుందా? ఇదే రకం క్యాన్సర్ ఉన్న మనుషుల్లో, వాడినవాళ్ళనూ వాడనివాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూశారా? ఇది వాడాలంటే దేన్ని వదులుకోవాలి? ఈ నాలుగో ప్రశ్న ఎవరూ అడగరు. అసలు ప్రాణం ఉన్నది దాంట్లోనే.

బెరడు నుంచి డ్రిప్ దాకా

బిళ్ళగన్నేరు కథ చెప్పుకోవాలి ముందు. ఎక్కడ పడితే అక్కడ పెరిగే గులాబీ రంగు పూల మొక్క. చాలా దేశాల్లో దీని ఆకుల కషాయాన్ని మధుమేహానికి వాడేవారు. 1952లో జమైకా నుంచి కెనడాలో ఒక డాక్టరుకు కవరులో పాతిక ఆకులు వచ్చాయి, అక్కడివాళ్ళు షుగరుకు తాగుతున్నారు చూడండి అని. ఆయన వాటిని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చారు. వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో నోబుల్, చార్లెస్ బీర్ ఆ సారాన్ని ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే షుగరు పెద్దగా కదల్లేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే మాత్రం ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఎందుకా అని చూస్తే వాటి తెల్లరక్తకణాలు పడిపోయి ఉన్నాయి.

తెల్లరక్తకణాలు అదుపు తప్పి పెరగడమే కదా లుకేమియా అంటే. ఆ దారి పట్టుకుని వెళ్ళి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు, 1958లో ప్రకటించారు. అదే మొక్క నుంచి ఇంకో బృందం తీసిన విన్‌క్రిస్టిన్‌కు అమెరికాలో 1963లో అనుమతి వచ్చింది. మంచి వైద్యం అందే చోట్ల ఇవాళ లుకేమియాలో ఎక్కువగా కనిపించే రకం వచ్చిన పిల్లల్లో పదిమందికి తొమ్మిది మంది దాకా బతుకుతున్నారు. వాళ్ళకిచ్చే మందుల కలయికలో విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సంప్రదాయం చూపించింది మధుమేహాన్ని, మందు దొరికింది లుకేమియాకు. అంటే "తరతరాలుగా వాడుతున్నారు" అన్నంత మాత్రాన ఆ జబ్బుకే పనిచేస్తుందని రుజువైపోదు. ఈ మొక్కలో ఏదో ఉంది, వెతకండి అని మాత్రం చెప్తుంది. ఆ మాత్రం చెప్పడం చిన్న సంగతి కాదు.

ఇక మోతాదు. విన్‌క్రిస్టిన్ పెద్దవాళ్ళకు ఒకసారికి సాధారణంగా 2 మి.గ్రా. దాటనివ్వరు. ఒక్క బియ్యపు గింజ సుమారు 20 మి.గ్రా. ఉంటుంది, అందులో పదో వంతన్నమాట. దాన్ని రక్తనాళంలోకి మాత్రమే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఇస్తే దాదాపుగా ప్రాణం పోతుంది. అంత మోతాదులో వాడినా వేళ్ళ చివర్లు మొద్దుబారతాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది, మలబద్ధకం పీడిస్తుంది. ఇంకోపక్క ఆకులో ఈ పదార్థం అత్యల్పం. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ కోసం 500 కిలోల దాకా ఎండు ఆకు కావాలని లెక్క చెప్తారు, విన్‌క్రిస్టిన్ అంతకన్నా తక్కువ ఉంటుంది. ఆ ఆకులోనే వందకు పైగా ఇతర ఆల్కలాయిడ్లున్నాయి. కాబట్టి బిళ్ళగన్నేరు ఆకులు మరగబెట్టి తాగితే కావలసింది చాలినంత అందదు, అక్కర్లేనివి మాత్రం లోపలికి పోతాయి. ఈ సలహా ఎవరిచ్చినా వినకండి.

పెద్దమ్మ సీసాలోని యూ చెట్టు సంగతి ఇంకా తమాషా. 1962లో అమెరికా వ్యవసాయ శాఖ వృక్ష శాస్త్రవేత్త ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రంలోని అడవిలో పసిఫిక్ యూ బెరడు సేకరించారు. మన్రో వాల్, మన్‌సుఖ్ వానీ దాన్నుంచి పదార్థాన్ని విడదీసి 1971లో దాని నిర్మాణం ప్రచురించారు. అది కణాన్ని ఎలా అడ్డుకుంటుందో 1979లో సుసాన్ హార్విట్జ్ తేల్చారు. అండాశయ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది 1992లో. బెరడు నుంచి డ్రిప్ దాకా ముప్పై ఏళ్ళు.

కణం రెండుగా చీలేముందు లోపల రాటలు పాతి పందిరి వేసినట్టు సన్నని గొట్టాల నిర్మాణం ఒకటి లేస్తుంది, పని అయ్యాక విడిపోతుంది. బిళ్ళగన్నేరు మందులు ఆ పందిరిని వెయ్యనివ్వవు. యూ మందేమో, వేసిన పందిరిని తియ్యనివ్వదు. ఎలాగైనా కణం చీలలేక చస్తుంది. వేగంగా చీలేవి క్యాన్సర్ కణాలు ఒక్కటే కాదు, జుట్టు కుదుళ్ళూ, ఎముక మజ్జా కూడా అంతే. పెద్దమ్మ ప్రశ్నకు జవాబు అది.

యూ చెట్టు బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది, పైగా అది చాలా నిదానంగా పెరిగే చెట్టు. యూరప్‌లోని యూ ఆకుల్లో దొరికే దగ్గరి చుట్టం లాంటి పదార్థం నుంచి మందును తయారుచేసే పద్ధతి వచ్చాకే అందరికీ సరిపడా దొరికింది. ఆకు ఒలిస్తే మళ్ళీ చిగురిస్తుంది కదా. అలాగని ఆకును నేరుగా తింటే మాత్రం అందులోని టాక్సీన్ అనే వేరే విషం గుండె కొట్టుకోవడాన్ని దెబ్బతీస్తుంది. మందూ విషమూ ఒకే చెట్టులో పక్కపక్కనే ఉన్నాయి, వాటిని వేరుచేసింది ప్రయోగశాల.

ఇలాంటి ఇంకో రెండు మొక్కల సంగతి గబగబా చెప్పేస్తాను. చైనాలో పెరిగే కాంప్టోథికా చెట్టు నుంచి కాంప్టోథెసిన్ 1966లో దొరికింది. 1970ల మొదట్లో మనుషులకిస్తే మూత్రాశయంలో రక్తస్రావం లాంటి సమస్యలొచ్చి ఆపేశారు. అది కణంలో ఏ ఎంజైమును పట్టుకుంటుందో 1985లో తెలిశాక, నిర్మాణం కాస్త మార్చి చేసిన టోపోటెకాన్, ఇరినోటెకాన్‌లకు 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. మే యాపిల్ అనే మొక్క వేరులోని పోడోఫిలోటాక్సిన్ కూడా అంతే, ఉన్నదున్నట్టుగా లోపలికి తీసుకోవడానికి పనికిరాదు. దాన్ని మార్చి చేసిన ఎటోపొసైడ్ 1983 నుంచి వాడుకలో ఉంది. "సహజంగా ఉన్నదే మంచిది, మారిస్తే పాడవుతుంది" అనేవాళ్ళకు ఈ రెండు మొక్కలూ చూపించండి.

నా గీటురాయి మీద ఈ మొదటి దారి నాలుగు ప్రశ్నలకూ నిలబడుతుంది. సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి, గట్టిగానే ఉంటాయి. కానీ ఏవి వస్తాయో, ఎప్పుడు వస్తాయో, వస్తే ఏం చెయ్యాలో ముందే తెలుసు. ఆ నర్సు పావుగంట అక్కడే నిలబడింది అందుకే.

క్యాప్సూల్ సీసాలు

ఎక్కువమంది తటపటాయించేది ఈ రెండో దారిలోనే. కీమో మానడం లేదు కదా, పక్కన ఒక క్యాప్సూల్ వేసుకుంటే ఏం పోతుంది అని.

పసుపులోని కర్క్యుమిన్‌నే తీసుకుందాం, దీని మీద జరిగినన్ని పరీక్షలు మిగతావాటి మీద జరగలేదు. పసుపులో దీనిలాంటి పదార్థాలన్నీ కలిపి నూటికి 2 నుంచి 5 పాళ్ళుంటాయి. గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద పోస్తే చంపుతుంది, ఆ మాట నిజమే. కానీ పళ్ళెంలో కణాలను చంపడం గొప్ప పరీక్ష కాదు, ఉప్పు ఎక్కువ పోసినా చస్తాయి. మనిషి మింగితే కర్క్యుమిన్ పేగుల్లోంచి సరిగ్గా లోపలికి వెళ్ళదు. వెళ్ళిన కాస్తను కూడా పేగు గోడలు, కాలేయం కలిసి గబగబా మార్చేసి బయటికి పంపేస్తాయి. పళ్ళెంలో పోసినంత గాఢత కణితి దగ్గరికి చేరదు.

2008లో క్లోమ క్యాన్సర్ ఉన్న 25 మందికి రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. ఫలితం తేల్చగలిగిన 21 మందిలో ఇద్దరిలో ఏదో కదలిక కనిపించింది, ఒకరికి జబ్బు చాలాకాలం పెరగకుండా ఆగింది, ఇంకొకరికి కణితి కొద్దికాలం తగ్గి మళ్ళీ పెరిగింది. రక్తంలో మాత్రం మందు లీలగానే ఉంది. ఇద్దరు ఉన్నారు కదా అని ఆశపడతాం. పోల్చడానికి కర్క్యుమిన్ తీసుకోని గుంపు అక్కడ లేదు, కాబట్టి ఆ ఇద్దరి కథ దేనివల్లో చెప్పలేం.

పోల్చి చూస్తే ఏమవుతుందో ఇంకోచోట కనిపిస్తుంది. రేడియేషన్ వల్ల చర్మం కమిలిపోకుండా కర్క్యుమిన్ ఆపుతుందేమోనని రొమ్ము క్యాన్సర్ రోగులు 30 మందితో 2013లో చేసిన చిన్న ట్రయల్‌లో మంచి ఫలితమే వచ్చింది. అదే ప్రశ్నను 686 మందితో మళ్ళీ అడిగితే, 2018 నాటికి తేడా ఏమీ లేదని తేలింది. ప్రకటనల్లో మీకు కనిపించేది ఎప్పుడూ ఆ మొదటి ట్రయలే.

రక్తంలోకి ఎక్కడం లేదని మిరియాల్లోని పిపరిన్ కలుపుతారు. 1998లో ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మి.గ్రా. పిపరిన్ ఇస్తే రక్తంలో ఇరవై రెట్ల దాకా పెరిగింది. సీసా మీద ఇది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పిపరిన్ ఆ పని ఎలా చేస్తుందో మాత్రం ఉండదు. కాలేయంలో పదార్థాలను విరగ్గొట్టే ఎంజైములను అది అడ్డుకుంటుంది. కీమో మందులు చాలావాటిని విరగ్గొట్టేదీ ఆ కాలేయమే. దానికి తోడు, పసుపు సారం క్యాప్సూళ్ళు వాడినవాళ్ళలో, ముఖ్యంగా పిపరిన్ కలిపినవి వాడినవాళ్ళలో, కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

మా ఇంట్లో జరిగిందీ ఇలాంటిదే. బంధువుల్లో ఒకాయన ప్రేమగా ఒక సీసా తెచ్చిచ్చాడు. పెద్దమ్మ మాకెవరికీ చెప్పకుండా రోజుకు నాలుగు వేసుకుంది, డాక్టరు తిడతాడని ఆయనకూ చెప్పలేదు. నెల తిరిగేసరికి రక్తపరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ ఉండాల్సినదానికి ఐదు రెట్లుంది. ఆ వారం కీమో వాయిదా. కీమో వల్ల పెరిగిందా, ఇంకేదైనానా అని స్కాన్లు, కామెర్ల పరీక్షలు. మూడో రోజు తలగడ కింద సీసా దొరికింది. ఆపేశాక మూడు వారాలకు రిపోర్టు మామూలైంది. క్యాప్సూళ్ళే కారణమని కోర్టులో రుజువు చెయ్యలేను. కానీ రెండు డోసులు ఆలస్యమయ్యాయి, ఆ మూడు వారాల టెన్షన్ ఎవరికీ వద్దు.

అశ్వగంధ, తిప్పతీగల గురించి పొడుగ్గా చెప్పను. అశ్వగంధలోని వితాఫెరిన్ ఎ పళ్ళెంలోనూ ఎలుకల్లోనూ ఆశ చూపించింది, మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గిస్తుందని రుజువు లేదు. రెండింటికీ కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. "ఇమ్యూనిటీ పెంచుతుంది" అన్న మాట అందరికీ మంచిది కూడా కాదు. ఇతరుల మజ్జ ఎక్కించుకున్నవాళ్ళకు ఆ ఇమ్యూనిటీని అణిచి ఉంచడానికే మందులిస్తారు.

లక్ష్మణఫలం మాత్రం వదలను, ఏటా ఫోనులో తిరిగే సందేశం అది: "కీమో కన్నా పదివేల రెట్లు శక్తివంతం." ఆ పదివేలు గాలిలోంచి పుట్టలేదు. 1990లలో ఒక ప్రయోగశాలలో ఆ పండు గింజల నుంచి విడదీసిన ఒక పదార్థాన్ని, పళ్ళెంలోని ఒక రకం పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద, ఒక కీమో మందుతో పోల్చి చెప్పిన అంకె అది. పండుకూ ఆకుకూ మనిషికీ దాంతో సంబంధం లేదు. ఇంకో సంగతి ఆ సందేశంలో ఉండదు. గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్స్‌ను పోలిన, మందులకు లొంగని నరాల జబ్బు ఎక్కువగా కనిపిస్తోందనీ, ఆ రోగుల్లో ఈ జాతి పండ్లు, ఆకుల కషాయం వాడకం ఎక్కువనీ 1999లో ప్రచురించారు. ఇందులోని అనోనాసిన్ నాడీకణాలను చంపుతుందని తర్వాత ప్రయోగాలు చూపించాయి.

"విటమిన్ బి17" పేరుతో అమ్మే ఆప్రికాట్ గింజల సారం ఇంకో రకం. అది విటమినే కాదు. 1982లో 178 మంది రోగుల మీద ఫలితాలు వచ్చాయి. జబ్బు తగ్గలేదు, ఆయుష్షు పెరగలేదు, కొందరి రక్తంలో సైనైడ్ ప్రమాదపు అంచుకు చేరింది. నలభై ఏళ్ళు దాటినా ఇంకా అమ్ముడవుతోంది.

కీమో మానేసి కషాయం

మూడో దారికి అంకె ఒకటి చాలు. అమెరికాలో, ఇంకా వ్యాపించని క్యాన్సర్ ఉండి, ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని, మామూలు వైద్యం తీసుకున్న 560 మందితో పోల్చారు. 2018లో ప్రచురించిన ఆ అధ్యయనంలో మొదటి గుంపుకు చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్ ఒక్కదాన్నే చూస్తే ఐదు రెట్లు దాటింది. వీళ్ళు ఇక ఆశ లేదన్నవాళ్ళు కాదని గుర్తుపెట్టుకోండి. చాలామంది నయమయ్యే దశలో ఉన్నవాళ్ళు.

కషాయం, చూర్ణం అనగానే అందులో ఏముందో తెలియకపోవడం ఇంకో చిక్కు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే ఐదింట ఒకదాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2008లో వచ్చింది. పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఇచ్చిన ఉదంతాలూ ఉన్నాయి. స్టెరాయిడ్ పడితే నాలుగు రోజుల్లో ఆకలి వేస్తుంది, ముఖం నిండుగా కనిపిస్తుంది, నొప్పి తగ్గుతుంది. "మందు పనిచేస్తోంది" అని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. లోపల కణితి తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

మూలికే క్యాన్సర్ తెచ్చిన కథ కూడా ఉంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి వాడిన ఒక మందులో పొరపాటున అరిస్టలోకియా జాతి మూలిక కలిసింది. ఎంతోమందికి మూత్రపిండాలు పాడయ్యాయి. పాడైన మూత్రపిండాలు, మూత్రనాళాలు తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే 18 మందికి మూత్రమార్గంలో క్యాన్సర్ కనిపించింది. మనం నల్ల ఈశ్వరి అని పిలిచే తీగ ఈ జాతిదే. సంప్రదాయ వైద్యాల్లో శతాబ్దాలుగా ఉన్నదే కూడా. ఏళ్ళ తర్వాత వచ్చే జబ్బును ఇవాళ్టి కషాయంతో ముడిపెట్టడం ఏ వైద్యుడికైనా కష్టం, అందుకే ఇన్నేళ్ళు ఎవరి కంటా పడలేదు.

మూడో దారిని నేను ఎవరికీ చెప్పను. నయమయ్యే అవకాశం ఉన్నవాళ్ళకైతే అస్సలు చెప్పను.

మూలికలు నెగ్గే చోటు

నాలుగో దారిలో పరిస్థితి మెరుగు. కీమో వికారానికి అల్లం తీసుకోండి. 576 మంది రోగులతో చేసిన ట్రయల్‌లో రోజుకు అర గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల దాకా అల్లం పొడి క్యాప్సూళ్ళు, మామూలు వాంతి మాత్రలకు తోడుగా ఇచ్చారు. కీమో ఇచ్చిన మొదటి రోజు వికారం తగ్గింది. తోడుగా అన్న మాట ముఖ్యం, మాత్రలకు బదులుగా కాదు. గ్రాము కన్నా ఎక్కువిస్తే ఇంకా బాగా తగ్గిందా అంటే, అదీ లేదు.

నీరసానికి అమెరికన్ జిన్‌సెంగ్‌ను రోజుకు 2 గ్రాముల చొప్పున 364 మందిలో చూస్తే ఎనిమిది వారాలకు కొంత తేడా కనిపించింది. ఇవి చిన్న విజయాలే. క్యాన్సర్‌ను తగ్గిస్తామని ఇవి చెప్పుకోవు, చెప్పుకున్నంత మేరకు చేస్తాయి. పెద్దమ్మకు డాక్టరు ఒప్పుకున్నది అల్లం ఒక్కదానికే, అదీ ప్లేట్‌లెట్లు బాగున్నంతవరకే.

రెండూ కలిపి వాడుతుంటే

మూలిక స్వయంగా హాని చెయ్యకపోయినా పక్కనున్న మందును చెడగొట్టగలదు. దిగులు తగ్గడానికి వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్క కాలేయపు ఎంజైములను పరుగెత్తిస్తుంది. ఇరినోటెకాన్ తీసుకుంటున్నవాళ్ళకు ఇస్తే, ఆ మందులో నిజంగా పనిచేసే భాగం రక్తంలో 42 శాతం పడిపోయింది. ఒక రకం లుకేమియాకు ఇచ్చే ఇమాటినిబ్ కూడా సుమారు 30 శాతం పడిపోయింది. అంటే డాక్టరు పూర్తి డోసు ఇస్తున్నాననుకుంటాడు, ఒంటికి అందేది సగమో ముప్పావో. సైడ్ ఎఫెక్ట్స్ తగ్గాయని రోగి ఆనందపడినా పడతాడు!

గ్రీన్ టీ ఇంకో దారిలో అడ్డుపడుతుంది. అందులోని ఈజీసీజీ అనే పదార్థం, మజ్జలో పుట్టే మైలోమా అనే క్యాన్సర్‌కు ఇచ్చే బోర్టెజోమిబ్‌ను నేరుగా పట్టుకుని కట్టేస్తుందని 2009లో కణాల మీదా ఎలుకల మీదా చూపించారు. ఎవరూ హానికరం అనుకోని వస్తువు అది. సారం క్యాప్సూళ్ళయితే ఆ మందు వాడేటప్పుడు మానేయడమే మేలు.

మొక్కల పదార్థాన్ని తిండిగా తినడం వేరు, విడదీసి మాత్రగా మింగడం వేరు. కూరగాయల్లోని బీటా కెరొటిన్‌ను రోజుకు 20 మి.గ్రా. మాత్రగా ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళకు ఏళ్ళ తరబడి ఇచ్చి చూశారు. మొత్తం ట్రయల్‌లో 29,133 మంది ఉన్నారు. క్యాన్సర్ తగ్గుతుందని ఆశిస్తే, 1994లో ఫలితం తలకిందులైంది, మాత్ర తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది.

ఎవరి పరిస్థితికి ఏది

జబ్బు ఇప్పుడే తెలిసింది, నయమయ్యే దశ అన్నారు. అయితే మొదటి దారి ఒక్కటే. సర్జరీ అయినా, రేడియేషన్ అయినా, కీమో అయినా డాక్టరు చెప్పిన వరుసలో పూర్తిచేయండి. ఈ దశలో మూలికల ప్రయోగానికి ఒక నెల ఇవ్వడం కూడా ఖరీదైన పనే. "ముందు మూడు నెలలు ఇది వాడి చూద్దాం, తగ్గకపోతే కీమో" అనే బేరం చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. మూడు నెలల తర్వాత ఆ కణితి అదే దశలో ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కీమో నడుస్తోంది, సైడ్ ఎఫెక్ట్స్ తట్టుకోలేకపోతున్నారు. ముందు ఆ మాట డాక్టరుకే చెప్పండి. డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, వికారానికి ఇప్పుడున్న మాత్రలు చాలా బాగా పనిచేస్తాయి. ఆ తర్వాతే నాలుగో దారి, అదీ ఒకసారికి ఒక్క మూలికే. మూడు ఒకేసారి మొదలుపెడితే ఏది పడిందో ఏది పడలేదో తెలియదు.

సర్జరీ ఉంటే కనీసం రెండు వారాల ముందు వెల్లుల్లి, జింకో, జిన్‌సెంగ్ లాంటి సారాలన్నీ ఆపేయాలి. రక్తం గడ్డకట్టడాన్ని అవి ఆలస్యం చేయగలవు.

కొత్త మొక్క మందు మీద ట్రయల్ జరుగుతోంది, చేరమన్నారు. అసలైన ట్రయల్ అయితే చేరే విషయం ఆలోచించదగ్గదే, పాక్లిటాక్సెల్ అలా చేరినవాళ్ళ వల్లే పెద్దమ్మ దాకా వచ్చింది. రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి, చదివి సంతకం పెట్టే ఒప్పంద పత్రం, ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉన్నాయో లేదో చూడండి. పరీక్షలో ఉన్న మందుకు మీ దగ్గరే డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

డాక్టరును అడిగేటప్పుడు "మూలికలు వాడొచ్చా?" అంటే "వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఆయనకు ఏ మూలికో తెలియదు కాబట్టి. సీసా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. "ఇది రోజుకు రెండు వేసుకుంటున్నాను, ఈ కీమోతో గొడవ ఉందా?" అని అడగండి. కోప్పడితే పడనివ్వండి. క్లినికల్ ఫార్మసిస్టు ఉన్న చోటయితే ఆయన్నే పట్టుకోండి, ఈ లెక్కలు డాక్టరు కన్నా ఓపిగ్గా చూస్తారు.

ఇక చివరి పరిస్థితి. ఇక జబ్బును తగ్గించే వైద్యం లేదు, నొప్పి లేకుండా చూసుకోవడమే అన్నారు. ఇక్కడ నా మాట మెత్తబడుతుంది. వదులుకోవడానికి పెద్దగా ఏమీ లేనప్పుడు, మనిషికి ఊరటనిచ్చేది, నొప్పి మందులతో తగువు పడనిది, ఇల్లు గుల్ల చెయ్యనిది ఏదైనా వాడుకోనివ్వండి. ఒక షరతు. చిన్న నోట్‌బుక్కులో రోజూ మూడే మూడు రాయండి: ఎంత తిన్నారు, ఎంత నిద్రపోయారు, నొప్పి పదికి ఎంత. మొదలుపెట్టిన తేదీ పక్కనే ఆపే తేదీ కూడా ముందే రాసుకోండి, నాలుగు వారాల తర్వాతిది. ఆ రోజు పేజీలు వెనక్కి తిప్పి చూడండి. అంకెలు కదలకపోయినా, కళ్ళు పచ్చబడినా, వాంతులు పెరిగినా ఆ సీసా మూత మళ్ళీ తియ్యకండి.